మోగని నెమలి మార్కు తుపాకి

తుపాకులు బాగుచేసే పనిలోకి ఇప్పుడు పెద్దగా ఎవరూ రావడం లేదు. అయినా ఏడాదికి ఒకరిద్దరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఈ పనిలో ముఖ్యంగా ఏం నేర్చుకోవాలని అడుగుతారు. ఆకురాయి పట్టడం, టంకం పెట్టడం ఎక్కడైనా నేర్చుకోవచ్చు. నా పనిని ఏ అధికారి మెచ్చుకున్నాడో, నాకు ఏ లైసెన్సు ఎప్పుడు వచ్చిందో రాస్తే మీకు ఒరిగేదేమీ లేదు. అందుకని నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. అందులో ఒక కంపెనీ పాత్ర ఉంది, ఒక చనిపోయిన మనిషి సంతకం ఉంది. ఎవరి పాలు ఎంతో పంచి చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.

చెవితో చేసే పని

అనంతపురం పాతూరులో ఒక ఇరుకు సందులో ఖాన్ సాబ్ తుపాకుల దుకాణం ఉండేది. యాభైల మొదట్లో నేను అక్కడ చేరాను. మా అమ్మా నాయనా కూలి పనికి పోయేవాళ్లు. మిషన్ బడి పుణ్యమా అని నాకు ఇంగ్లీషు చదవడం, రాయడం వచ్చింది. ఖాన్ సాబ్‌కు ఉర్దూ తప్ప ఇంకో అక్షరం తెలియదు. నా పేరు దావీదని చెబితే, "మా దాంట్లో దావూద్ అంటారు, మనిషి ఒకడే" అని నవ్వి, చివరిదాకా అలాగే పిలిచాడు. ఉత్తరాలు చదవడానికి పెట్టుకున్న మనిషిని కొన్నేళ్లలో మిస్త్రీని చేసిన ఘనత ఆయనదే.

మా దుకాణానికి వచ్చేవాళ్లలో షికారు దొరలు తక్కువ, శెనక్కాయ రైతులు ఎక్కువ. వాన మొహం చాటేసిన ఏడాది, గుట్టల్లో తిండీ నీళ్లూ దొరక్క అడవిపందులు చేల మీద పడేవి. ఒక మంద వచ్చి పోయిందంటే ఎకరం చేను దున్నినట్టు అయిపోయేది. పైరు కాపలాకని సర్కారు ఇచ్చిన లైసెన్సు మీద ఊరికి ఒకటో రెండో తుపాకులు ఉండేవి.

రెండు గొట్టాల తుపాకిని పరీక్షించడం ఖాన్ సాబ్ నా కళ్లు మూయించి నేర్పాడు. పిడీ, ముందు చెక్కా ఊడదీసి, జంట గొట్టాలను ఒక తీగకు వేలాడదీసి, చిన్న కొయ్య సుత్తితో తట్టాలి. టంకం సరిగ్గా పట్టి, ఇనుము గట్టిగా ఉంటే గొట్టాలు గుడిగంట మోగినట్టు మోగుతాయి. ఎక్కడైనా లోపముంటే డొక్కు చప్పుడు వస్తుంది. ఆ మోత పూర్తిగా ఆగేదాకా దుకాణంలో ఎవరూ మాట్లాడకూడదు. కంటిని పాలిష్ మోసం చేస్తుంది, చెవిని మోసం చేసే పాలిష్ లేదని ఆయన అనేవాడు.

మోతలన్నిటిలోకీ మారాజు మోత నెమలి మార్కుది. అది ఇంగ్లండు సరుకు. గొట్టం మొదట్లో పురి విప్పని నెమలి బొమ్మ చిన్నది కొట్టి ఉండేది. కంపెనీ అసలు పేరు మా రైతుల్లో ఒక్కరికీ నోరు తిరిగేది కాదు. గోరంట్ల నుంచి వజ్రకరూరు దాకా అందరికీ అది నెమలే.

పెల్ దొర

ఆ కంపెనీలో గొట్టాలు పరీక్షించే పెద్ద మనిషి పేరు పెల్. మా సందేహాలకు జవాబులు ఆయనే రాసేవాడు. మొదటిసారి నా ఇంగ్లీషు చూసి నవ్వుకుని ఉంటాడు గానీ, జవాబు మాత్రం రెండు పేజీలు రాశాడు. ఒకసారి, గొట్టాల మీద దుమ్ము పేరుకోవడం గురించి అడుగుతూ, ఇక్కడ మూడేళ్లుగా వానలు లేవని రాశాను. అప్పటినుంచి ఆయన ప్రతి ఉత్తరం చివర ఒకే ప్రశ్న ఉండేది: అక్కడ వాన పడిందా? పడితే ఖాన్ సాబ్ నా చేత మొదటి వాక్యంలోనే ఆ సంగతి రాయించేవాడు. ముఖం చూడని మనిషి మీద మా ఇద్దరికీ అభిమానం కలిగింది.

ఒక ఉత్తరంలో ఆయన తన పద్ధతి చెప్పాడు. తన చెవికి నచ్చని గొట్టాల మీద, ముందు చెక్క కిందికి వచ్చే చోట, రెండోసారి కొట్టి ఉండే నెమలి బొమ్మకు అడ్డంగా ఆకురాయితో ఒక గీత కోస్తాడట. అలా కోసినవాటిని పారెయ్యకుండా వెనక షెడ్డులో దాచేవాడట. చెడ్డ గొట్టం ఎలా పలుకుతుందో పని నేర్చుకునేవాళ్లకు వినిపించడానికి అవి కావాలని రాశాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

తిప్పన్న ఇంటి మోత

గోరంట్ల దాటి నాలుగు మైళ్లలో ఒక పల్లె. అక్కడ తిప్పన్న అనే రైతు ఉండేవాడు. నా ఈడువాడే. వాళ్ల నాయన నాటి నెమలి మార్కు తుపాకి ఆ ఇంట్లో దేవుడి పటాల పక్కన ఉండేది. ఆయుధపూజ నాడు వాళ్ల ఇంట్లో ఒక ఆచారం. గొట్టాలను ఊడదీసి, నడిమింటి దూలానికి వేలాడదీసి, కుంకుమ పెట్టి, ఇంటి పెద్ద చింతబరికెతో ఒక్కసారి తట్టేవాడు. మోత ఆగేదాకా ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. ఆ మోత ఎంతసేపు నిలిస్తే ఆ ఏడాది ఇంటికి అంత మేలని వాళ్ల నమ్మకం. తిప్పన్న నాయన పోయిన రోజు ఎవరూ తట్టకుండానే గొట్టాలు మోగాయని తిప్పన్న నాతో రెండుసార్లు చెప్పాడు. గాలికి గోడకు తగిలి ఉంటాయని నేనన్నాను. ఆ పొద్దు ఆకు కూడా కదల్లేదని అతను అన్నాడు.

యాభైల చివర్లో ఆ తుపాకి నా దగ్గరికి వచ్చింది. మోత అంతే కమ్మగా ఉంది గానీ, ఏళ్ల తరబడి వాడకంతో, తుప్పుతో లోపల గొట్టం పలచబడిపోయింది. ఇక కాల్చవద్దని చెప్పాను. ఇంకో నెమలి మార్కు వస్తుందా అని తిప్పన్న అడిగాడు. వస్తుందని చెప్పాను. అప్పుడు నేను చెప్పింది నిజమే.

ఆఖరి పెట్టె

అప్పటికే బయటిదేశాల సరుకు రావడం కష్టమైపోయింది. అరవైల మొదట్లో ఖాన్ సాబ్ ఎక్కడెక్కడో తిరిగి అయిదు నెమలి తుపాకులున్న ఒక పెట్టె తెప్పించాడు. పెట్టె విప్పితే అన్నీ తళతళలాడుతున్నాయి. నెమలి బొమ్మ అదే. పాత అచ్చులో నెమలి ఎడమ కాలు కొంచెం విరిగినట్టు పడేది, ఇందులోనూ ఆ విరుపు అలాగే ఉంది.

మొదటి జత గొట్టాలు వేలాడదీసి తట్టాను. చెక్క మీద కొట్టినట్టు ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోయింది. రెండోది తట్టాను. మూడోది తట్టాను. అయిదూ అంతే. మేము మాత్రం అలవాటు కొద్దీ, రాని మోత ఆగడం కోసం కదలకుండా నిలబడి ఉన్నాము. ఖాన్ సాబ్ ముఖంలోకి చూడటానికి నాకు భయమేసింది.

పెల్ దొరకు ఉత్తరం రాశాను. జవాబు వచ్చింది. నాలుగు వరుసలు. సరుకు ఎప్పటిలాగే పరీక్షించి పంపినదేననీ, నిశ్చింతగా అమ్మవచ్చుననీ ఉంది. కింద పెల్ సంతకం, చివరి అక్షరం తోక కింద ఆయన ఎప్పుడూ గీసే గీతతో సహా ఉంది.

చదివి వినిపించాను. ఖాన్ సాబ్ చివరిదాకా విని, "వాన సంగతి అడగలేదా?" అన్నాడు. లేదన్నాను. మళ్లీ చూడమన్నాడు. కాగితం తిప్పి కూడా చూశాను. తొందరలో మరచిపోయి ఉంటాడని నేనే సర్దిచెప్పాను. నా చెవి వద్దంటుంటే, ఆ సంతకం చూసి ఊరుకున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే నేను రాసిన శ్రమ దక్కుతుంది.

తిప్పన్న తుపాకి కోసం వచ్చినప్పుడు తనే తట్టి చూశాడు. చప్పుడు విని నా వైపు చూశాడు. అప్పుడు నేను ఒక మాట అన్నాను. "కొత్తది కదా తిప్పన్నా, కాల్చేకొద్దీ పలుకుతుంది" అన్నాను. అది దుకాణాల్లో అందరూ అనే మాటే, కొత్త చెప్పులు అమ్మేవాడు తొడిగేకొద్దీ సాగుతాయని అంటాడే, అలాంటిది. తిప్పన్న ఆ మాటను దుకాణం మాటగా తీసుకోలేదు. తుపాకిని కళ్లకద్దుకుని తీసుకుపోయాడు.

కూతురి ఉత్తరం

ఎనిమిది నెలల తర్వాత ఇంగ్లండు నుంచి కంపెనీ కవరు కాని కవరు ఒకటి వచ్చింది. రాసింది పెల్ దొర కూతురు. తండ్రి బల్ల సర్దుతుంటే నా ఉత్తరాల కట్ట దొరికిందట. ఆయన చనిపోయి రెండేళ్లు కావస్తోందట. అంతకు కొంచెం ముందే కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసిందనీ, యంత్రాలతోపాటు షెడ్డులో ఆయన పక్కన పెట్టిన గొట్టాలన్నీ బండ్లకెత్తుకుపోయారనీ, అది చూసి ఆయన చాలా బాధపడ్డాడనీ రాసింది. అక్కడ వాన పడిందా అని నాన్న తరఫున అడుగుతున్నానని చివర రాసింది.

మిట్టమధ్యాహ్నం. సందులో వేడిగాలి తప్ప చప్పుడు లేదు. నాలుగు వరుసల జవాబు బయటికి తీసి తారీఖు చూశాను. అది రాసేనాటికి ఆయన పోయి ఏడాది దాటింది. ఆ తర్వాత కంపెనీ నుంచి ఏదో సర్క్యులరు వచ్చింది, దాని మీదా ఆయన సంతకమే. రెండు కాగితాలూ ఒకదానిమీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టాను. సంతకం మీద సంతకం వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. బతికున్న ఏ మనిషీ రెండుసార్లు అంత ఒకేలా సంతకం పెట్టలేడు. రబ్బరు ముద్ర తయారుచేయించి కొడుతున్నారు.

అయిదింటిలో రెండు తుపాకులు ఇంకా దుకాణంలోనే ఉన్నాయి. ఒకదాని ముందు చెక్క ఊడదీసి, అక్కడున్న నెమలి బొమ్మ మీద గోటితో రుద్దాను. నునుపుగా ఉంది. చాకుమొనతో గీకితే నల్లరంగు పోయి టంకం బయటపడింది. టంకం కరిగిస్తే కింద ఆకురాయి గీత కనిపించింది. రెండోదానికీ అదే గీత. ఆయన వద్దన్న గొట్టాలనే పూడ్చి, రంగేసి, ఆయన పేరు మీదే మాకు పంపారు.

కంపెనీని కంపెనీ కొనడం వ్యాపారంలో మామూలేనని నాకు తెలుసు. కొన్నవాళ్లందరూ దొంగలని నేను అనను. కానీ వాళ్లకు అమ్ముడైంది ఏమిటో తుపాకి కొనే రైతుకు తెలియదు, అదే నా కోపం. నెమలి అచ్చు అమ్ముడుపోయింది, సంతకం అమ్ముడుపోయింది. వద్దు అని చెప్పిన చెవి మాత్రం సమాధిలోకి పోయింది. మా రైతు డబ్బిచ్చింది ఆ చెవికే. బొమ్మ మారి ఉంటే మేము జాగ్రత్తపడేవాళ్లం. అది మారకపోవడమే మమ్మల్ని ముంచింది.

నోరు తెరుస్తున్న తుపాకి

అమ్మిన మూడింటిలో రెండు, కబురు పంపగానే వెనక్కి వచ్చాయి. మూడోది తిప్పన్నది. నేనే వెళ్లాను. గోరంట్లలో బస్సు దిగి నడిచాను. నాలుగు మైళ్లలో ఒక్క మనిషి ఎదురుపడలేదు. ఎండిపోయిన వంక దాటుతుంటే ఎక్కడో తుపాకి పేలింది, కాసేపటికి ఇంకోటి. పందుల అరుపు గానీ కుక్కల అరుపు గానీ వినిపించలేదు.

తిప్పన్న చేను గట్టు మీద ఉన్నాడు. దేన్ని కాల్చావని అడిగాను.

"దేన్నీ లేదప్పా. నువ్వే చెప్తివి కదా, కాల్చేకొద్దీ పలుకుతాదని. పొద్దున రెండు, సాయంత్రం రెండు కాలుస్తాండా. ఇప్పుడిప్పుడే నోరు తెరుస్తాండాది."

అది అంగడి మాటనీ, నిజం కాదనీ చెప్పాను. మరి తనతో ఎందుకు చెప్పావని అడిగాడు. ఉత్తరం సంగతి, గీతల సంగతి, పెల్ దొర పోయిన సంగతి అన్నీ వరుసగా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. తర్వాత ఇంటికి తీసుకుపోయి, గొట్టాలు దూలానికి కట్టి, చింతబరికెతో తట్టాడు. అతని భార్య, తల్లి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

గొట్టాలు మోగాయి. నిజం రాస్తున్నాను, నాకు మోగినట్టే వినిపించింది. పాతదాని మోతంత కాదు గానీ దుకాణంలో విన్న డొక్కు చప్పుడు కాదు. పగిలే ముందు ఇనుము అలా పలుకుతుందో, నాకు అలా వినబడాలని ఉండి వినబడిందో ఇన్నేళ్ల తర్వాత కూడా చెప్పలేను. ముసలమ్మ మాత్రం కళ్లు తుడుచుకుంది.

ముందు చెక్క కింద గీత చూపించాను. తిప్పన్న దాన్ని వేలితో తడిమాడు. అయినా తుపాకి ఇవ్వలేదు. "పైరు చేతికొచ్చేదాకా ఉండనీ మిస్త్రీ. పోయినేడు పందులకే పాయ. ఈ ఏడూ పోతే మేము ఊరిడిసి పోవాల. ఇది లేకుండా చేనుకాడ ఏం పెట్టుకుని కూర్చుందు?" అన్నాడు. పందులు వస్తే తప్ప కాల్చనని తల్లి మీద ఒట్టు వేశాడు.

స్టేషన్లో చెప్పి తుపాకి జప్తు చేయించమని ఖాన్ సాబ్ అన్నాడు. అలా చేస్తే తిప్పన్న లైసెన్సు పోతుంది, పంట పోతుంది. పదిహేను రోజులు చూద్దామని నేనే అన్నాను. నా రెండో తప్పు అది. మంచితనం అనుకుని చేశాను. తుపాకి పనిలో అలాంటి మంచితనం పనికిరాదు.

పన్నెండో రోజు పగటిపూటే పందులు దిగాయి. అంత దాహం మీద ఉన్నాయి. తిప్పన్న రెండో గుండు కాల్చినప్పుడు ఎడమ గొట్టం చీలిపోయింది. ముందు చెక్కను పట్టుకున్న చెయ్యి మణికట్టు దాకా తీసెయ్యవలసి వచ్చింది. పెద్దాసుపత్రిలో నన్ను చూడగానే, పందులు పారిపోయాయని, సగం చేను దక్కిందని చెప్పాడు. నేను ఆ మంచం పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చాను.

జవాబు

ప్రమాదం ఎందుకు జరిగిందో మిస్త్రీగా రాసివ్వమని పోలీసులు అడిగారు. రాస్తే దుకాణం పరువు పోతుంది. ఖాన్ సాబ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రాయి దావూద్, నా పేరు కూడా రాయి" అన్నాడు. గీత సంగతి, టంకం సంగతి, నేనన్న మాటతో సహా రాశాను. దాని నకలు కంపెనీకి కూడా పంపాను. బతికున్న మనిషెవరైనా సంతకం చేసి జవాబివ్వాలని కోరాను.

ఆరు నెలలకు జవాబు వచ్చింది. అదే వారం తిప్పన్న ఏదో పని మీద అనంతపురం వచ్చి, దుకాణం అరుగు మీద కూర్చున్నాడు. కవరు చూసి, ఏం రాశారో చెప్పమన్నాడు. తెలుగులో చదివి వినిపించాను. తమ తుపాకిని మితిమీరి వాడినందువల్ల జరిగిన ప్రమాదానికి చింతిస్తున్నామనీ, సరుకులో లోపమేమీ లేదనీ ఉంది. కింద ఎవరి పేరుందని అడిగాడు. పెల్ అని చెప్పాను. అదే సంతకం, అదే గీత.

అతను మండిపడతాడనుకున్నాను. ఖాన్ సాబ్ కూడా అలాగే అనుకుని లేచి నిలబడ్డాడు. తిప్పన్న ముఖం మాత్రం తేటపడింది. ఆ చెయ్యి పోయాక అతని ముఖంలో అలాంటి వెలుగు నేను చూడలేదు.

"చూస్తివా, నేనే ఎక్కువ కాల్చితి. దొర యాడనో కూర్చుని ఎట్ల కనిపెట్టినాడో చూడు."

"తిప్పన్నా, ఆ దొర పోయినాడు. నీకు చెప్తిని కదా."

"సచ్చినోడు జాబు రాయడప్పా." కోపంగా కాదు, నాకు నచ్చజెబుతున్నట్టు మెల్లగా అన్నాడు. "నీ మాట నమ్మి ఇన్ని నెల్లు ఆయప్పను తిట్టుకుంటి. మా నాయన బతికుండేంతవరకు నెమలిని ఒక్క మాట అనలేదు. ఆ జాబు నాకియ్యి."

ఇచ్చాను. తిప్పన్న దాన్ని కళ్లకద్దుకున్నాడు. ఒంటి చేత్తో మడవబోతే మడత పడలేదు. రెండుసార్లు ప్రయత్నించి నా వైపు చాపాడు. నేనే మడిచి అతని జేబులో పెట్టాను.